వంశవృక్ష దత్తాంశంలో పేర్ల పెద్ద అక్షరాల సవరణ

వంశవృక్ష దత్తాంశంలో పేర్ల పెద్ద అక్షరాల సవరణ అనగా కంప్యూటరులో భద్రపరచిన వంశావళి వివరాలలో, రోమన్ లిపిలో పూర్తిగా పెద్ద అక్షరాలతో గాని, పూర్తిగా చిన్న అక్షరాలతో గాని వ్రాయబడిన వ్యక్తుల పేర్లను ఆయా కుటుంబాలవారు వ్రాసుకొనే రూపానికి మార్చే పని. పెద్ద అక్షరాలనే వాడుకలో క్యాపిటల్ అక్షరాలు అంటారు. చూడటానికి ఇది కేవలం అలంకరణకు సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. కాని ఒక పేరును పూర్తిగా పెద్ద అక్షరాలలోకి మార్చినప్పుడు ఆ పేరు గురించిన కొంత సమాచారం పోతుంది. అలా పోయిన సమాచారాన్ని ఏ సాఫ్టువేరూ కేవలం నియమాల ఆధారంగా తిరిగి తెప్పించలేదు. అందువలన ఈ సవరణ కొంత యంత్రం చేతను, కొంత మనిషి చేతను జరుగవలసిన పని.

నేపథ్యం

రోమన్, గ్రీకు, సిరిలిక్, ఆర్మీనియన్ వంటి కొన్ని లిపులలో ప్రతి అక్షరానికి పెద్దది, చిన్నది అని రెండు రూపాలు ఉంటాయి. తెలుగు, దేవనాగరి, తమిళం మొదలైన భారతీయ లిపులలోను, అరబిక్, చైనీస్ లిపులలోను ఈ భేదం లేదు. ఆంగ్లంలో వ్యక్తుల పేర్లను పెద్ద అక్షరంతో మొదలుపెట్టి, మిగిలినవి చిన్న అక్షరాలతో వ్రాయడం సాధారణ పద్ధతి. ఈ పద్ధతికి మినహాయింపులు చాలా ఉన్నాయి. వంశావళి దత్తాంశంలో చిక్కులన్నీ ఈ మినహాయింపుల వద్దనే వస్తాయి.

పేర్లు పూర్తిగా పెద్ద అక్షరాలలో ఉండటానికి కారణాలు

వంశావళి దత్తాంశంలో ఇంటిపేర్లు, కొన్నిసార్లు పూర్తి పేర్లు, పెద్ద అక్షరాలలోనే కనిపించడానికి ముఖ్యంగా మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది ముద్రణ సంప్రదాయం. వంశావళి పరిశోధకులు తాము వ్రాసే పట్టికలలో ఇంటిపేరును పెద్ద అక్షరాలలో వ్రాయడం చాలాకాలంగా ఉన్న అలవాటు. ఒక వ్యక్తి పేరులో ఏది సొంత పేరో, ఏది ఇంటిపేరో పాఠకునికి వెంటనే తెలియడం దీని ప్రయోజనం. సాధారణ టైపు యంత్రంలో ముద్దక్షరాలు గాని, వాలు అక్షరాలు గాని ఉండవు కనుక ఒక మాటను ప్రత్యేకించి చూపడానికి పెద్ద అక్షరాలే సులువైన మార్గం. ఫ్రెంచి భాష వాడే దేశాలలో అధికార పత్రాలలోనూ ఇంటిపేరును ఇట్లే వ్రాయడం పరిపాటి.

రెండవది తొలి కంప్యూటర్ల పరిమితి. ఒక్కొక్క అక్షరానికి ఆరు బిట్లు కేటాయించిన పాత సంకేత పద్ధతులలో మొత్తం 64 గుర్తులకు మాత్రమే చోటు ఉండేది. అంకెలు, విరామ చిహ్నాలు పోగా మిగిలిన చోటులో ఒక్క వరుస అక్షరాలే పట్టేవి. అవి పెద్ద అక్షరాలు. 1963లో వెలువడిన ఆస్కీ ప్రమాణంలో కూడా చిన్న అక్షరాలు లేవు. వాటిని 1967 నాటి సవరణలో చేర్చారు. ఆ కాలపు యంత్రాలలోకి ఎక్కించిన సూచికల నుండి తీసుకున్న పేర్లు తరువాతి దత్తాంశాలలోకి అదే రూపంలో చేరాయి.

మూడవది వాడుకరుల అలవాటు. పేర్లను ఎక్కించేటప్పుడు కీబోర్డుపై పెద్ద అక్షరాల మీటను నొక్కి ఉంచి, అలాగే టైపు చేసినవారు అనేకులు. ఒకే వంశవృక్షంలో వేరువేరు బంధువులు వేరువేరు కాలాలలో వివరాలు చేర్చినప్పుడు సగం పేర్లు ఒక రూపంలోను, సగం మరొక రూపంలోను ఉండటం సర్వసాధారణం.

ఇందువలన కలిగే ఇబ్బందులు

అక్షర రూపాలను వేరువేరుగా లెక్కించే సాఫ్టువేరులో ఒకే ఇంటిపేరు రెండుగా నమోదవుతుంది. సూచికలో స్మిత్ అనే పేరు పెద్ద అక్షరాలలో ఒకసారి, మామూలు రూపంలో ఇంకొకసారి వస్తుంది. అన్నదమ్ములిద్దరు రెండు వేరువేరు కుటుంబాలవారుగా కనిపించే ప్రమాదం ఉంది. ఒకే వ్యక్తిని రెండుసార్లు చేర్చి, ఆ సంగతి గుర్తించకపోవడం కూడా జరుగుతుంది. రాబర్ట్ రస్సెల్ 1918లో పేటెంటు పొందిన సౌండెక్స్ వంటి పద్ధతులు అక్షరాల రూపాన్ని పట్టించుకోవు కనుక వెదకడంలో కొంత సహాయపడతాయి. కాని అవి పేరును సరిచేయలేవు.

అంతకంటే పెద్ద ఇబ్బంది సమాచార నష్టం. చిన్న అక్షరాలను పెద్ద అక్షరాలుగా మార్చడం ఎప్పుడైనా సాధ్యమే, దానికి ఒక్క ఆదేశం చాలు. పెద్ద అక్షరాలను తిరిగి మిశ్రమ రూపానికి తేవడానికి మాత్రం ఆ కుటుంబం తన పేరును ఎట్లా వ్రాసుకొన్నదో తెలియాలి. ఆ వివరం పెద్ద అక్షరాల రూపంలో ఉండదు. ఈ కారణం వల్లనే పేరును మిశ్రమ రూపంలో భద్రపరచి, పెద్ద అక్షరాలు కావలసిన చోట తెరమీద గాని ముద్రణలో గాని మాత్రమే చూపించడం మంచి పద్ధతిగా పరిగణిస్తారు.

నియమాలకు లొంగని పేర్లు

మాక్, మెక్ పేర్లు: స్కాట్లండు, ఐర్లండు దేశాల గేలిక్ భాషలలో మాక్ అనగా కొడుకు. దీనితో మొదలయ్యే ఇంటిపేర్లలో ఆ ఉపసర్గ తరువాతి అక్షరాన్ని కొన్ని కుటుంబాలు పెద్దగాను, కొన్ని చిన్నగాను వ్రాస్తాయి. బ్రిటన్ ప్రధానమంత్రులలో ఇద్దరి పేర్లు దీనికి చక్కని ఉదాహరణ. 1924లో ప్రధాని అయిన రామ్సే మాక్డొనాల్డ్ పేరులో డి పెద్ద అక్షరం. 1957 నుండి 1963 వరకు ప్రధానిగా ఉన్న హెరాల్డ్ మాక్మిలన్ పేరులో రెండవ ఎమ్ చిన్న అక్షరం. తెలుగు ప్రాంతాల కైఫీయత్తులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ పేరులో కె చిన్న అక్షరమే. అదే ఇంటిపేరును కె పెద్దగా వ్రాసుకొనే కుటుంబాలూ ఉన్నాయి. కనుక మాక్ తరువాతి అక్షరం ఎల్లప్పుడూ పెద్దది అనే నియమం పెడితే కొందరి పేర్లు చెడిపోతాయి, ఎల్లప్పుడూ చిన్నది అంటే మరికొందరి పేర్లు చెడిపోతాయి. పైగా మాక్ అనే మూడు అక్షరాలతో మొదలైనంత మాత్రాన అది గేలిక్ పేరు కానక్కరలేదు. మషాదు అనే పోర్చుగీసు ఇంటిపేరు కూడా రోమన్ లిపిలో అవే మూడు అక్షరాలతో మొదలవుతుంది. నియమాన్ని గుడ్డిగా పాటించే సాఫ్టువేరు దాని మధ్యలో కూడా ఒక పెద్ద అక్షరాన్ని చొప్పిస్తుంది.

డచ్చి పేర్లు: నెదర్లాండ్సులో వాన్, డె వంటి ఉపపదాల రూపం సందర్భాన్ని బట్టి మారుతుంది. విన్సెంట్ వాన్ గోఖ్ అని పూర్తి పేరు వ్రాసేటప్పుడు వాన్ లోని వి చిన్న అక్షరం. సొంత పేరు లేకుండా ఇంటిపేరును మాత్రమే చెప్పేటప్పుడు అదే వి పెద్ద అక్షరం అవుతుంది. పొరుగున ఉన్న బెల్జియంలో ఈ పద్ధతి లేదు. అక్కడ జనన నమోదులో ఎట్లా ఉంటే అట్లే అన్ని సందర్భాలలోనూ వ్రాస్తారు. అకారాది సూచికలో కూడా తేడా ఉంది. నెదర్లాండ్సులో ఉపపదాన్ని వదలి ప్రధాన పదం ప్రకారం అమరుస్తారు, బెల్జియంలో ఉపపదంతో కలిపి అమరుస్తారు.

ఫ్రెంచి, ఇటాలియన్ ఉపపదాలు: ఫ్రాన్సు అధ్యక్షుడు చార్లెస్ డి గాల్ పేరులో ఉపపదం చిన్న అక్షరంతో మొదలవుతుంది. అమెరికా నటుడు రాబర్ట్ డి నీరో పేరులో అది పెద్ద అక్షరంతో మొదలవుతుంది. వలస వెళ్ళిన కుటుంబాలలో ఉపపదం ప్రధాన పదంతో కలిసిపోయి ఒకే మాటగా మారడం కూడా కద్దు. నటుడు లియొనార్డో డికాప్రియో పేరు అటువంటిది. అందులో మొదటి డి, తరువాత సి పెద్ద అక్షరాలు.

చిన్న అక్షరంతో మొదలయ్యే పేర్లు: ఇంగ్లండు, ఐర్లండులలో రెండు చిన్న ఎఫ్ అక్షరాలతో మొదలయ్యే ఇంటిపేర్లు కొన్ని ఉన్నాయి. పాత చేతివ్రాతలో పెద్ద ఎఫ్ అక్షరం రెండు చిన్న ఎఫ్‌లు జంటగా ఉన్నట్లు కనిపించేది. ఆ రూపమే కొన్ని కుటుంబాలకు స్థిరపడిపోయింది. అటువంటి పేరులో మొదటి అక్షరం చిన్నగా ఉండటం టైపు పొరపాటు కాదు.

జర్మన్ పేర్లు: జర్మన్ భాషలో ఎస్సెట్ అనే ప్రత్యేక అక్షరం ఉంది. పెద్ద అక్షరాలలో వ్రాసేటప్పుడు దాని స్థానంలో రెండు ఎస్‌లు వ్రాయడం ఆచారం. తెలుపు అని అర్థమిచ్చే వైస్ అనే ఇంటిపేరును కొన్ని కుటుంబాలు ఎస్సెట్‌తోను, కొన్ని రెండు ఎస్‌లతోను వ్రాస్తాయి. పెద్ద అక్షరాలలో రెండూ ఒకేలా ఉంటాయి. పెద్ద ఎస్సెట్ అక్షరాన్ని యూనికోడ్ 2008లో చేర్చుకున్నది, 2017లో జర్మన్ వర్ణక్రమ నియమాలలో దానికి స్థానం లభించింది. అంతకు పూర్వపు పత్రాల విషయంలో మాత్రం ఈ సందిగ్ధత తీరదు. ఫ్రెంచిలో కూడా పెద్ద అక్షరాలపై ఉచ్చారణ చిహ్నాలను వదలివేసే అలవాటు వలన ఇటువంటి నష్టమే కలిగింది.

తుర్కీ పేర్లు: తుర్కీ భాషలో చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ రెండు వేరువేరు అక్షరాలు. తుర్కియేలో 1928లో రోమన్ లిపిని, 1934లో ఇంటిపేర్ల చట్టాన్ని ప్రవేశపెట్టారు. నక్షత్రం అని అర్థమిచ్చే యిల్దిజ్ అనే ఇంటిపేరులో ఉన్నవి చుక్క లేని ఐలు. ఆంగ్ల నియమం ప్రకారం చిన్న అక్షరాలుగా మార్చితే వాటిపై చుక్కలు చేరి పేరు వేరొక వర్ణక్రమంలోకి మారిపోతుంది.

జెడ్‌కామ్ ఫైళ్లలో పేర్లు

ఒక వంశావళి సాఫ్టువేరు నుండి మరొకదానికి వివరాలను చేరవేయడానికి జెడ్‌కామ్ అనే ఫైలు పద్ధతిని వాడతారు. దీనిని లేటర్-డే సెయింట్స్ చర్చి రూపొందించి 1984లో మొదటిసారి వెలువరించింది. 1999లో చిత్తుప్రతిగా వచ్చిన 5.5.1 సంచికను 2019లో ప్రమాణంగా ప్రకటించారు. 7.0 సంచిక 2021లో వచ్చింది. ఈ ఫైలులో ఇంటిపేరును రెండు ఏటవాలు గీతల మధ్య వ్రాస్తారు. అనగా ఏది ఇంటిపేరో తెలుపడానికి పెద్ద అక్షరాల అవసరం ఇక్కడ లేదు, ఆ పని గీతలే చేస్తాయి. సొంత పేరు, ఇంటిపేరు, ఇంటిపేరుకు ముందు వచ్చే ఉపపదం, బిరుదు వంటి భాగాలను విడివిడిగా నమోదు చేయడానికి కూడా ప్రత్యేక ట్యాగులు ఉన్నాయి. వాన్, డె వంటి ఉపపదాలను వాటికి కేటాయించిన ట్యాగులో ఉంచితే అకారాది క్రమంలో అమర్చడం తేలిక అవుతుంది.

జెడ్‌కామ్ ఫైలు మామూలు పాఠ్యమే కనుక దానిని పాఠ్య సవరణి సాఫ్టువేరులో తెరచి, అక్షరాలన్నిటినీ ఒకేసారి మార్చివేయాలనే ఆలోచన కొందరికి కలుగుతుంది. ఇది ప్రమాదకరం. ఫైలులోని ట్యాగులు, తేదీలలోని నెలల సంకేతాలు కూడా పెద్ద అక్షరాలలోనే ఉంటాయి. పేర్లతోపాటు అవి కూడా మారిపోతే ఇతర సాఫ్టువేర్లు ఆ ఫైలును చదువలేకపోవచ్చు.

సాధనాలు

చాలా వంశావళి సాఫ్టువేర్లలో ఇంటిపేరును తెరమీదను, నివేదికలలోను పెద్ద అక్షరాలలో చూపే ఐచ్ఛికం ఉంటుంది. ఇది భద్రపరచిన పేరును మార్చదు. సవరణ మొదలుపెట్టే ముందు, పెద్ద అక్షరాలు దత్తాంశంలోనే ఉన్నాయా లేక ప్రదర్శనలో మాత్రమే ఉన్నాయా అన్నది తేల్చుకోవాలి.

2001లో మొదలైన గ్రాంప్స్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరులో ఇంటిపేర్ల పెద్ద అక్షరాలను సరిచేసే ఒక సాధనం ఉంది. అది దత్తాంశమంతా వెదకి, మార్చదగినవిగా తోచిన ఇంటిపేర్లను పాత రూపం, కొత్త రూపం పక్కపక్కన ఉండేటట్లు జాబితాగా చూపుతుంది. డె, వాన్, వాన్‌కు జర్మన్ సమానమైన ఫాన్ వంటి ఉపపదాలను గుర్తిస్తుంది. ఏవి మార్చాలో, ఏవి వదలాలో వాడుకరి ఎంచుకొంటాడు. ఇట్లు ముందుగా చూపి, అనుమతి తీసుకొని మార్చే పద్ధతి ఈ పనికి అనువైనది.

ఎక్సెల్ స్ప్రెడ్‌షీటులోని ప్రాపర్ అనే ప్రమేయం ప్రతి మాటలోని మొదటి అక్షరాన్ని, అక్షరం కాని గుర్తు తరువాత వచ్చే అక్షరాన్ని పెద్దది చేసి, మిగిలినవి చిన్నవి చేస్తుంది. దీనితో ఓ'బ్రయన్ పేరు సరిగానే వస్తుంది. కాని మెక్డొనాల్డ్ లోని డి చిన్నది అవుతుంది. మూడవ హెన్రీ అని తెలుపడానికి వ్రాసే మూడు ఐ అక్షరాలలో మొదటిదే పెద్దదిగా మిగులుతుంది. పైథాన్ భాషలోని క్యాపిటలైజ్ అనే ప్రమేయం మొదటి అక్షరాన్ని మాత్రమే పెద్దగా ఉంచుతుంది కనుక ఓ'బ్రయన్ లోని బి కూడా చిన్నదైపోతుంది. ఏ సాధనం ఏ నియమాన్ని పాటిస్తుందో తెలియకుండా దానిని దత్తాంశమంతటిపై ప్రయోగించరాదు.

సవరణ విధానం

సాధారణంగా ఈ క్రింది క్రమాన్ని అనుసరిస్తారు.

1. దత్తాంశానికి పూర్తి నకలు తీసి వేరొక చోట భద్రపరచడం. జెడ్‌కామ్ ఎగుమతిలో బొమ్మలు, కొన్ని ప్రత్యేక వివరాలు రాకపోవచ్చును కనుక ఆ సాఫ్టువేరు సొంత పద్ధతిలో నకలు తీయడం మంచిది.
2. వంశవృక్షంలోని ఇంటిపేర్లన్నిటినీ, ఒక్కొక్కటి ఒక్కసారే వచ్చేటట్లు జాబితా తయారు చేయడం. వ్యక్తులు వేలలో ఉన్నా ఇంటిపేర్లు చాలా తక్కువగా ఉంటాయి కనుక ఈ జాబితాను మనిషి చదువగలడు.
3. జాబితాను రెండుగా విభజించడం. మొదటి అక్షరం మాత్రమే పెద్దగా ఉండే మామూలు పేర్లు ఒక వర్గం. ఉపపదాలు, అపాస్ట్రఫీ, హైఫను, మాక్, మెక్, రోమన్ అంకెలు, ఉచ్చారణ చిహ్నాలకు అవకాశం ఉన్నవి రెండవ వర్గం.
4. మొదటి వర్గాన్ని సాధనంతో మార్చడం.
5. రెండవ వర్గంలోని ఒక్కొక్క పేరును సంతకాలు, వివాహ పత్రాలు, సమాధి ఫలకాలు, ఉత్తరాలు చూసి నిర్ణయించడం. సమాధి ఫలకాలు కూడా తరచుగా పెద్ద అక్షరాలలోనే ఉంటాయి కనుక వ్యక్తి స్వయంగా చేసిన సంతకమే అన్నిటికంటె బలమైన ఆధారం.
6. మార్చిన తరువాత సూచికను మరల చూసి, ఇప్పుడు ఒకేలా ఉన్న పేర్లలో ఒకే వ్యక్తి రెండుసార్లు చేరి ఉన్నాడేమో పరిశీలించడం. పేరు ఒక్కటైనంత మాత్రాన ఇద్దరిని కలుపరాదు. తేదీలు, స్థలాలు, తల్లిదండ్రులు కూడా సరిపోవాలి.
7. ఏ పేర్లను ఏ ఆధారంతో మార్చినదీ వ్రాసి ఉంచడం.

ఆధారం దొరకని పేర్ల విషయంలో ఊహించి మార్చడం కంటె ఉన్న రూపాన్నే ఉంచి, ఆ సంగతి గమనికలో తెలుపడం మేలు. తప్పుగా మార్చిన పేరు సరైనదిలాగే కనిపిస్తుంది. తరువాతి పరిశోధకునికి దానిని అనుమానించే అవకాశం ఉండదు.

మూలపత్రంలోని రూపం

వంశవృక్షంలో వ్యక్తికి ఇచ్చే ప్రధాన నామం వేరు, ఒక పత్రంలో ఉన్నది ఉన్నట్లు ఎత్తివ్రాసిన పాఠం వేరు. సవరణ మొదటిదానికే వర్తిస్తుంది. జనాభా లెక్కల పుస్తకంలో గాని, ఓడ ప్రయాణీకుల పట్టికలో గాని గుమాస్తా వ్రాసిన అక్షరాలను ఎత్తివ్రాసేటప్పుడు తప్పులతో సహా అట్లే ఉంచాలి. ఒకే కుటుంబంలో తండ్రి ఒక విధంగా, కొడుకు మరొక విధంగా తమ పేరును వ్రాసుకొన్న సందర్భాలలో ఎవరి రూపాన్ని వారికే ఉంచడం సరైన పద్ధతి. అందరినీ ఒక రూపానికి తెస్తే చూడటానికి చక్కగా ఉంటుంది గాని, ఆ మార్పు ఏ తరంలో జరిగిందో తెలుసుకొనే ఆధారం పోతుంది.

తెలుగువారి పేర్లు

తెలుగు లిపిలో పెద్ద, చిన్న అక్షరాల భేదం లేకపోయినా విదేశాలలో స్థిరపడిన తెలుగువారు రోమన్ లిపిలో తయారు చేసుకొనే వంశవృక్షాలలో ఈ సమస్య మరికొన్ని రూపాలలో ఎదురవుతుంది.

ఇంటిపేరును పొడి అక్షరాలలో వ్రాయడం తెలుగువారి ఆచారం. ఎన్టీఆర్ వలె చుక్కలు లేకుండా వ్రాసిన పొడి అక్షరాలను సాధనాలు ఒక మాటగా భావించి, మొదటిది తప్ప మిగిలినవి చిన్నవి చేస్తాయి. అప్పుడు అవి పొడి అక్షరాలని గుర్తించడమే కష్టమవుతుంది.

పాస్‌పోర్టులలో పేర్లు పెద్ద అక్షరాలలో ఉంటాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి అమెరికా వీసాలలో వారి పేరునే ఇంటిపేరుగా చూపి, సొంత పేరు స్థానంలో ఎఫ్, ఎన్, యు అనే మూడు పొడి అక్షరాలు వేస్తారు. మొదటి పేరు తెలియదని వాటి భావం. ఈ పత్రాల నుండి వివరాలు ఎక్కించి, ఆపై అక్షరాలను సరిచేస్తే ఆ మూడు అక్షరాలు ఒక మనిషి పేరులాగా తయారవుతాయి. సవరణకు ముందే వాటిని తొలగించాలి.

తెలుగును రోమన్ కీబోర్డుపై వ్రాయడానికి రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ పద్ధతిలో పెద్ద, చిన్న అక్షరాలు వేరువేరు ధ్వనులను సూచిస్తాయి. చిన్న ఎన్ నకారం, పెద్ద ఎన్ ణకారం. చిన్న ఎల్ లకారం, పెద్ద ఎల్ ళకారం. చిన్న టి తకారం, పెద్ద టి టకారం. పెద్ద ఎ దీర్ఘమైన ఆకారం. ఈ పద్ధతిలో ఎక్కించిన పేర్లను ఆంగ్ల నియమం ప్రకారం సరిచేస్తే పింగళి పింగలి అవుతుంది, వేటూరి వేతూరి అవుతుంది, నాగయ్య ణగయ్య అవుతాడు. ఇటువంటి దత్తాంశాన్ని మొదట తెలుగు లిపిలోకి మార్చుకొని, ఆ తరువాతనే ఆంగ్ల రూపాన్ని తయారు చేయాలి.

దక్షిణ ఆఫ్రికాలోని తెలుగువారి విషయం వేరు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో అనే ఓడ డర్బను చేరినది మొదలుకొని 1911 వరకు ఒప్పంద కూలీలుగా నటాలు వెళ్ళినవారి పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, గ్రామం ఓడ పట్టికలలో నమోదయ్యాయి. ఆ పేర్లను గుమాస్తాలు విన్నట్లు రోమన్ లిపిలో వ్రాశారు. నాయుడు అనే మాట అక్కడ చివర రెండు ఓ అక్షరాలతో ఇంటిపేరుగా స్థిరపడింది. ఈ వంశాల వారసులు తమ పూర్వీకుల గ్రామాన్ని వెదకడానికి ఆ పట్టికలే ముఖ్యమైన ఆధారం. అందులోని ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క ఖాళీ ఆ వెదకులాటలో పనికి రావచ్చును. కనుక అటువంటి పేర్లలో మాటలను కలపడం, విడదీయడం, అక్షరాలను మార్చడం వంటివి చేసినప్పుడు మూలరూపాన్ని కూడా తప్పక పక్కన ఉంచాలి.

జెడ్‌కామ్ 5.5.1 నుండి యూటీఎఫ్-8 సంకేత పద్ధతికి అనుమతి లభించింది. 7.0లో అది ఒక్కటే అనుమతింపబడిన పద్ధతి. దీనివలన వ్యక్తి పేరును తెలుగు లిపిలోనే ప్రధాన నామంగా నమోదు చేసి, రోమన్ రూపాన్ని దాని లిప్యంతరంగా జతపరచే వీలు కలిగింది. తెలుగు లిపిలో ఉన్న పేరును ఏ సాధనమూ పెద్ద అక్షరాలలోకి మార్చలేదు కనుక రోమన్ రూపంలో ఎన్ని మార్పులు జరిగినా అసలు పేరు చెక్కుచెదరకుండా నిలుస్తుంది.